మల్లయ్య మొక్కు జుట్టు

"అమ్మమ్మా, రేపటి సంది నేను గూడ బసేరాల డ్యూటీకి పోతున్న. నువ్వు అన్నేండ్లు చేసినవ్ గద. మొదాలు ఏం చెయ్యాలెనో జర చెప్పు. రికార్డింగ్ చాలూ చేసిన, ఆ, మాట్లాడు."

ఏంది, అప్పుడే చాలూ చేసినవా? సరే. మొదాలు ఏం చెయ్యాలె అంటే... అది నీకు ఆఫీసోళ్లు చెప్తరు తియ్. నేను చేసిన తప్పు చెప్త, అది ఇను. మల్లయ్య ముచ్చట. మీ అమ్మకు గూడ చెప్పలే గిది. సిగ్గనిపిచ్చి చెప్పలే.

మీ తాత పోయినంకనే నేను గా పనికి పోయింది. అంతకుముందు ఇంట్లనే కూసోని చీరలకు చమ్కీలు అంటిచ్చేది, సలాబత్‌పురాకెల్లి మూటలు తెచ్చి ఏసేటోళ్లు. అప్పుడు ఈ సూరత్ల, ఉధ్నాల గీ రూముకు కిరాయి మూడొందలు. ఆరుగురం పండేది... ఆగు, ఆరుగురు కాదు, మీ చిన్నతాత గూడ ఉండె, ఏడుగురం. కాళ్లు చాపుకుందామంటే జాగ లేకుండె. సరే, గది ఇడిసిపెట్టు, ఏడికో పోతున్న.

బసేరా అంటే నీకు తెల్సు గద, ఇల్లు లేనోళ్లకు సర్కారు పెట్టిన జాగ. పొద్దుగాల మేము బ్రిడ్జిల కింద, స్టేషన్ల బయట తిరిగి, ఆడ ఉన్నోళ్లను మాట్లాడిచ్చి తోల్కచ్చేది. తానం, బట్టలు, తిండి, దవఖాన, ఆధార్ కాయితాలు, అన్ని మేమే చూసేది.

గట్లనే ఉధ్నా స్టేషన్ బయట ఒకాయన ఉండె. గడ్డం ఛాతీ దాక, జుట్టు జడలు గట్టింది. ఎడమ పిక్క మీద ఇంత పుండు, ఈగలు ముసురుతుండె. దవఖానకు రాకుంటే కాలు తీసెయ్యాల్సి వస్తదని మా ఎంబడి వచ్చిన డాక్టరమ్మ చూసి ముందే చెప్పింది. నేను రోజు పోయి "చలో చాచా, ఖానా మిలేగా, ఇలాజ్ హోగా" అని హిందీల అనేది, తిండి పెడ్తరు, మందులిస్తరు అని. ఉలుకు లేదు, పలుకు లేదు. పదిహేను దినాలు తిరిగినంక ఒకనాడు లేశి నా ఎంబడి వచ్చిండు. నాకైతే మస్తు సంబురమైంది, అందరికి చెప్పుకున్న.

మా దగ్గర రూలేంది, వచ్చినోళ్లకు ముందు జుట్టు తీసుడు, తర్వాత తానం. పేలు ఒకరికెల్లి ఒకరికి ఎక్కుతయని. మంగలాయన మిషిన్ పట్టుకోని వచ్చిండు. గంతే, ఈయన రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నడు. తియ్యనియ్యడు. భయపడుతుండు, జర మతి లేదు పాపం అనుకున్న నేను. "కుఛ్ నహీ హోగా చాచా" అనుకుంట ఆయన చేతులు నేనే కిందికి గుంజి పట్టుకున్న బిడ్డా. గీ చేతుల్తోనే. మిషిన్ నెత్తి నడుమకెల్లి పోయింది. అప్పుడన్నడు, "వద్దు తల్లీ, మొక్కు ఉన్నది" అని.

తెలుగుల అన్నడు. మన దిక్కు తెలుగుల.

సూరత్ వచ్చి ముప్పై ఏండ్లాయె, రోడ్డు మీద ఎవ్వలు కనవడ్డ నోటికి హిందీనే వచ్చుడు. ఒక్కపారి "నీది ఏ ఊరు" అని మన మాటల అడిగితే నా సొమ్మేం పోతుండె? మన దిక్కోడు గంత జుట్టు పెంచిండంటే మొక్కని నాకు తెల్వదా? మా అన్న ఏములాడ రాజన్నకు మొక్కి రెండేండ్లు పెంచలేదా? కని అప్పటికే సగం తల పోయింది. ఇగ ఏం చేస్తం, మిగిలింది గూడ తీసిండు మంగలాయన. ఆయన ఏడ్వలే, తిట్టలే. తానం చెయ్యకుండనే కాలు ఈడ్సుకుంట ఎల్లిపోయిండు.

తెల్లారి పోయి చూస్తే స్టేషన్ బయట గోడ దిక్కు తిరిగి కూసున్నడు. నేను పచ్చిపులుసు, అన్నం డబ్బల కట్టుకపోయిన. ముట్టలే. "తప్పయ్యింది తమ్మీ" అన్న. చూడలే. మూడు దినాలు ఆయన పక్కకే పోయి కూసున్న. మూడోనాడు చెప్పిండు. పేరు మల్లయ్య, జగిత్యాల దిక్కు. ఈడ బట్టలు నేసే సాంచెలు నడిపేటోడు. కాలుకు దెబ్బ తాకినంక పని పోయింది, ఎన్కనే రూము పోయింది, ఫోను పోయింది. ఒక్కతే బిడ్డ, సుజాత. గప్పుడు కడుపుతోటి ఉండె, కాన్పు కష్టమని చెప్పిండ్రట. బిడ్డ మంచిగ బయటపడితే తలనీలాలిస్త రాజన్నా అని మొక్కుకున్నడు. కుంటికాలు ఏసుకోని, ఉత్త చేతుల్తోటి బిడ్డ ఇంటికి ఏం మొఖం పెట్టుకోని పోతనని పోలే. కాన్పు ఏమయ్యిందో గూడ తెల్వదు.

"నా నెత్తి మీద జుట్టు ఉన్నన్ని దినాలు నా బిడ్డ మంచిగున్నదనుకున్న అక్కా. ఇప్పుడు గది గూడ లేకపాయె. ఇగ నాకు కాలెందుకు" అన్నడు.

ఇంటికొచ్చి కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్సిన.

ఇగ నేను పోని సాంచెల ఖార్ఖానా లేదు, నిలవడని ఛాయి బండి లేదు. జగిత్యాల దిక్కోళ్లు ఎవ్వలన్న ఉన్నరా అని అడుగుడే. నాలుగు దినాలకు సుజాత అత్తగారి ఊరాయన ఒకాయన దొరికిండు. నంబరు తెప్పిచ్చిండు. ముందు నేను ఫోన్ చేసి మంచిదో చెడ్డదో తెల్సుకుందామనుకున్న. మళ్ల అనిపిచ్చింది, ఒకపారి ఆయన్ని అడగకుండ చేసింది సాలదా అని. నంబరు పట్టుకపోయి ఆయన ముంగట పెట్టి, "చెయ్యాల్నా తమ్మీ?" అన్న. నంబరు మీద వేలు పెట్టి చూసిండు. "చెయ్" అన్నడు.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిన. "బిడ్డా" అన్నడు మల్లయ్య. "నాయినా" అన్నది ఆ పిల్ల, ఇగ ఏడుపే. జరసేపటికి అన్నది, "నాకు కొడుకు పుట్టిండు నాయినా. రెండేండ్లు నిండినయి. ఇంకా పుట్టెంటికలు తియ్యలే. మేనమామ లేకపాయె, తాత ఒళ్లె కూసోవెట్టే తియ్యాలె అని నేనే ఆపిన. మా అత్త తిట్టని దినం లేదు. రెండు జడలేస్తున్న, సూశినోళ్లందరు ఆడపిల్లనే అనుకుంటున్నరు." నవ్వుతది, ఏడుస్తది.

మల్లయ్య గుండు తడుముకున్నడు. "మొక్కు జుట్టు లేదు బిడ్డా. తీసేసిండ్రు" అన్నడు. ఎవ్వలు తీపిచ్చిండ్రో చెప్పలే చూడు. నేను పక్కకే ఉన్న, తల ఎత్తలేకపోయిన.

"పెరుగుతది గద నాయినా. పెరిగేదాక మా ఇంట్ల ఉండు" అన్నది ఆ పిల్ల.

ఫోను నా చేతికిచ్చి, గోడ పట్టుకోని లేశిండు మల్లయ్య. "దవఖాన ఎంత దూరమక్కా?" అన్నడు.

కాలు దక్కింది బిడ్డా... అల్లుడే వచ్చి తోల్కవోయిండు. ఇగో చూడు, గిన్నేండ్లయినా కండ్లల్ల నీళ్లు. బందు చెయ్ ఇగ, బందు చెయ్. సల్లగుండు నా తల్లీ. నీ చేతి కిందికి వచ్చినోళ్లు గూడ సల్లగుండాలె...