నూకమ్మ గేదెని పొగిడిన రోజు

ముందు ఒక మంచి మాట చెప్పి, ఆ తర్వాత తప్పు చెప్పాలా? ఎవరు నేర్పారు నీకు, మీ మిస్సా? నీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టలేదు, సంచి అంతా తడిసిందని ఒక మాటంటే, "అమ్మా, ముందు నన్ను మెచ్చుకోవాలి" అంటావా? అది నాయకత్వ లక్షణమా? సరే. ఆ పుస్తకం అవతల పెట్టు భానూ. బాబీ, నువ్వూ రా. ఆ బాల్కనీ గ్రిల్లు మీద ఆనుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా, లోపలికొచ్చి కూర్చో.

మీకు ఈ కథ నేనెప్పుడూ చెప్పలేదు. ఈ పూణేలో పుట్టిన మీకు ధర్మారావు మావయ్యంటే ఫోన్లో "ఏట్రా, తిన్నారా" అని అడిగే గొంతు, అంతే కదా. పలాసలో పశువుల డాక్టరని తెలుసు. ఆయన రైతులతో ఎలా మాట్లాడేవాడో తెలీదు. తెలిస్తే మీ మిస్సుకి కళ్ళు తిరుగుతాయి.

తిట్టేవాడు. ఉద్దానంలో ఏ పాకలోకి అడుగుపెట్టినా ముందు తిట్టే. "ఏటే, ఈ ఎముకలగూడు ఇంకా సావలేదా? దీన్ని నీకు అంటగట్టినోడెవడు?" ఇదీ పలకరింపు. గేదె నిగనిగలాడుతుంటే ఇంకో నాలుగు ఎక్కువ. ఆ ఇంటావిడ ముసిముసిగా నవ్వుకుంటూ స్టూలు వేసి, కొబ్బరిబోండం కొట్టి చేతికిచ్చేది.

ఎందుకంటే మా వైపు పాడిగేదెని ఎవరూ పొగడరు. అందులోనూ కొత్తగా ఈనినదాన్ని. పొగిడితే దిష్టి. చుట్టం వచ్చినా, డాక్టరు వచ్చినా పశువుని ఒక మాట తీసిపారేసి లోపలికి రావాలి. అదే మర్యాద. తిట్టినవాడు మనవాడు, పొగిడినవాడి మీద ఒక కన్నేసి ఉంచాలి.

దిష్టి నిజమా అంటావేంటి? నేనలా అన్నానా? నేను చెప్పనిది నా నోట్లో పెట్టకు. ఈనిన గేదె ఒంట్లో కాల్షియం పడిపోతే గేదె కూలబడిపోతుంది, దానికి ఎవరి కళ్ళూ అక్కర్లేదు. మీ మావయ్యకి అది తెలుసు. కానీ తలుపు తీసేది గేదె కాదు కదా, గేదె గలావిడ. ఆవిడ లోపలికి రానిస్తేనే కదా నీ చదువు, నీ సూది, నీ మందు.

ఇలాంటివాళ్ళందరినీ టెక్కలిలో ఒక హాల్లో కూర్చోబెట్టి మాట్లాడటం నేర్పారు. నవ్వకు, నిజం. పశువైద్యులకు సంభాషణ నైపుణ్యాలు, నాయకత్వ శిక్షణ. బ్యానరు కూడా కట్టారు. నేనక్కడ లేను. మీ మావయ్య చెప్పింది, ఆయన పై డాక్టరు రామూర్తిగారు చెప్పింది, ఇద్దరి మాటా కలిసినంత వరకే చెప్తున్నాను. కలవనిది వదిలేస్తాను.

నేర్పడానికి హైదరాబాదు నుంచి సంజయ్ అని ఒకతను వచ్చాడు. చెవి మీంచి బుగ్గ మీదికి మైకు. కోటు. బతికున్న గేదెని బస్సు కిటికీలోంచి తప్ప చూసి ఉండడు. బాబీ, ఊహించి అనకూడదని నువ్వు నాకే చెప్పనక్కర్లేదు. గేదె పాలు పితికేది ఏ పక్క కూర్చునో ఆయనకి తెలీదని రామూర్తిగారే చెప్పారు. సరేనా?

ఒక నాటకం ఆడించాడు. మీ మావయ్య డాక్టరు, ఇంకొకాయన రైతు. గేదె ఎవరంటే, రామూర్తిగారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఆయన్ని తివాచీ మీద పడుకోబెట్టారు. మీ మావయ్య అలవాటుగా లోపలికొచ్చి, "ఈ ముసలిదుక్కకి గడ్డి దండగ, కటికోడు కూడా కొనడు" అన్నాడు. హాలంతా నవ్వింది, పడుకున్న గేదెతో సహా. సంజయ్ నవ్వలేదు. "సార్, ఇదే విషం" అన్నాడు. "మీరు రైతు ఆత్మగౌరవాన్ని చంపేశారు" అన్నాడు. పై ఆఫీసు వాళ్ళు ముందు వరసలో కూర్చుని తలలూపారు.

ముందు పొగడ్త, మధ్యలో జబ్బు సంగతి, చివర మళ్ళీ పొగడ్త. అదీ ఆయన తెచ్చిన విద్య.

రామూర్తిగారు తివాచీ మీంచే, "మా వైపు గేదెని పొగడకూడదండీ" అన్నారు. సంజయ్ ఏమన్నాడో తెలుసా? "గేదెలు మాట్లాడకూడదు సార్." మళ్ళీ హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆ మాట అక్కడే అణిగిపోయింది. హాలు నిండా ఆ నేల మీద పుట్టి పెరిగిన డాక్టర్లు, ఒక్కడూ లేచి గేదె చెప్పింది నిజమని అనలేదు.

అందరికంటే ముందు అనాల్సింది మీ మావయ్య. అనలేదు సరికదా, మర్నాడు ఊళ్ళో పనిచేస్తుంటే వీడియో తీస్తాం, ఎవరొస్తారని అడిగితే చెయ్యెత్తాడు. నలుగురిలో తిట్టించుకున్నవాడికి ఆ తిట్టినవాడి మెప్పు మీదే ఆశ. యాభై ఏళ్ళ మనిషి. మా అన్నయ్యే, అయినా ఉన్నమాట అంటున్నాను.

మర్నాడు నూకమ్మ ఫోన్ చేసింది. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు, ఆవిడకి ఆ ఒక్క గేదే. దాని పాలు పలాసలో టీకొట్లకి పోస్తుంది, ఇల్లు దాని మీదే నడుస్తుంది. గేదె ఈనింది, దూడ బాగానే ఉంది, తల్లి మాత్రం లేవడం లేదు, మెడ డొక్కలోకి తిప్పేసి పడుకుంది, చెవులు చల్లబడ్డాయి. దాన్ని పాలజ్వరం అంటారు. పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లబడిపోతుంది. నరానికి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది. ఆలస్యమైతే పోతుంది. ఇంతకంటే తేలికైన వైద్యం లేదంటాడు మీ మావయ్య, కాకపోతే వేళకి అందాలి.

జీపులో మీ మావయ్య, అటెండరు బైరాగి, ఫోను పట్టుకుని సంజయ్. వెళ్ళారు. నూకమ్మ తడిక తీసి ఎదురొచ్చింది. "బాబూ, వొచ్చినారా, సూడండి ఎలాగయిపోనాదో" అని. తిడతాడని చూస్తోంది పాపం. ఆ తిట్టు పడితే ధైర్యం.

మీ మావయ్య గొంతు సవరించుకున్నాడట. సంజయ్ ఫోను పైకెత్తాడు. "అబ్బ, ఎంత చక్కటి గేదె నూకమ్మా. ఈ చుట్టుపక్కల ఇలాంటిది లేదు. పొదుగు చూడు, నిండు కుండలా ఉంది" అన్నాడు. అంతటితో ఆగాడా? పొదుగు మీద చెయ్యేసి నిమిరాడు.

భానూ, ఆవిడ మొహం ఎలా అయిందో నేను చూడలేదు, చూసినట్టు చెప్పను. ఏం చేసిందో మాత్రం బైరాగి చెప్పాడు. పక్కనున్న గోనెపట్టా లాగి పొదుగు మీద కప్పింది. మీ మావయ్య చెయ్యి తోసేసింది. "ఏటి బాబూ, నీకు నానేటి అన్నేయం సేసినాను? పడిపోయిన దాని మీద ఇంకా ఏటి ఏడుపు నీకు? నడండి బయటికి" అంది. ముగ్గుర్నీ తోసి తడిక మూసింది. మిరపకాయలూ ఉప్పూ తెమ్మని పక్కింటికి కేకేసింది.

గేదె లోపల. కాల్షియం సీసా బయట, మీ మావయ్య చేతిలో.

బైరాగి గొణిగాడు. "బాబూ, తిట్టీయండి బాబూ. తిడితే తీస్తాది." మీ మావయ్య నోరు తెరిచాడు, కానీ ముందు సంజయ్ వైపు చూశాడు. ఇదీ నాకు మింగుడుపడని ముక్క. లోపల పశువు మెడ వాల్చేస్తోంది, ఈయన ఇరవై ఏళ్ళుగా నోటి చివర ఉన్న తిట్టు తిట్టడానికి కోటువాడి అనుమతి కోసం చూశాడు. సంజయ్ తల అడ్డంగా ఊపి, "ఆవిడ భావాన్ని గుర్తించండి సార్, ఆవిడ మాటనే తిరిగి చెప్పండి" అని చిన్నగా అన్నాడు.

గుర్తించాడు మీ మావయ్య. తడిక దగ్గర నోరు పెట్టి, "నూకమ్మా, నీ బాధ నాకు అర్థమైంది" అన్నాడు. లోపల్నుంచి, "అర్తమవదేటి మరి, ఆ బాద ఎట్టినోడివి నువ్వే కదా" అంది ఆవిడ.

నవ్వండి, నవ్వండి. బైరాగి కూడా ఇది చెప్తూ నవ్వాడు. లోపల గేదె గురక పెట్టడం మొదలెట్టాక మాత్రం ఎవరూ నవ్వలేదట. పాలజ్వరంలో ఆ గురకంటే ఇంక ఎంతోసేపు లేనట్టే. అది వినపడ్డాక మీ మావయ్యలో డాక్టరు లేచాడు. చూశారా, చెప్పాల్సింది చెప్తాను, ఆ మాత్రం మెచ్చుకుంటాను. సంజయ్‌ని ఒక్క తోపు తోశాడు, అతను కొబ్బరిమట్టల మీద కూలబడ్డాడు. తడిక పట్టుకుని ఊపుతూ, "ఓసే నూకీ, తియ్యే. నౌపడ ఉప్పుమడిలో కుళ్ళిన బల్లలాగుంది నీ గేది. దీని పొదుగు సూసి కుక్క కూడా రాదే" అన్నాడు.

లోపల్నుంచి, "సాల్దు" అంది నూకమ్మ. "సెయ్యేసినావు కదా. ఉమ్ము."

ఊరు పోగైపోయింది అప్పటికి. గెజిటెడ్ ఆఫీసరు. తడిక సగం తీసి పట్టుకుంది ఆవిడ. మీ మావయ్య లోపలికెళ్ళి, అంతమంది ముందూ ఆ పొదుగు మీద థూ థూ అని ఉమ్మాడు. పొగిడిన నోటితోనే. ఆయన కాలికింద మట్టి తీసి మిరపకాయల్తో కలిపి పొయ్యిలో వేసింది ఆవిడ. "మరింక నీ పని సూసుకో బాబూ" అంది. అంతే, కోపం లేదు. మళ్ళీ బాబూ.

మెడ దగ్గర నరం దొరకబుచ్చుకుని కాల్షియం ఎక్కించాడు, మెల్లగా, గుండె మీద చెవి పెట్టి వింటూ. సీసా అయ్యేసరికి గేదె ఒళ్ళు వణికింది, తేన్చింది, పేడ వేసింది. కాసేపటికి ముందుకాళ్ళు మడిచి, ముందుకి ఊగి, లేచి నిలబడింది. నూకమ్మ ఏడ్చింది. సంజయ్ బట్టలు దులుపుకుని ఫోను మళ్ళీ ఎత్తి, అది మాత్రం జాగ్రత్తగా తీశాడు.

అయిపోయిందా అంటావేంటి బాబీ? అక్కడితో అయిపోతే నేనింతసేపు చెప్తానా?

సంజయ్ వీడియో అతికించాడు. ముందు మీ మావయ్య పొగడ్త, ఆ వెంటనే గేదె లేవడం, నూకమ్మ కన్నీళ్ళు. మధ్యలో ఏమీ లేదు. తడిక లేదు, తిట్టు లేదు, ఉమ్ము లేదు. కింద అక్షరాలు: ఒక మంచి మాట శక్తి. వెనక వేణువు. ఇప్పుడు ఆయన ఎక్కడ శిక్షణ ఇచ్చినా మొదట చూపించేది అదే. మీ మావయ్యని పై ఆఫీసు వాళ్ళు భుజం తట్టారు. ఈయన తట్టించుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నయ్యా" అని నేను ఎన్నిసార్లు ఫోన్ చేశానో. "ఇప్పుడేటి చెప్తాను లేవే, ఉమ్మానని చెప్పుకోనా" అంటాడు.

ప్రసన్నలక్ష్మి అని ఒక కొత్త డాక్టరు. మన వైపు పిల్ల కాదు. చక్కగా చదువుకుంది, శ్రద్ధగా వీడియో చూసింది, నోటికి పట్టింది. నౌపడ దగ్గర ఒక ఊళ్ళో ఈనిన ఆవు పడిపోయిందంటే వెళ్ళి, మీ మావయ్య అన్నట్టే అంది. వాళ్ళు తడిక మూశారు. తిట్టమని చెప్పడానికి పక్కన బైరాగి లేడు. ఆ పిల్ల సీసా పట్టుకుని తడిక బయట బతిమాలుతూ నిలబడింది. ఏం తప్పన్నానో చెప్పండి అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. లోపల ఆవు పోయింది.

ఇది రామూర్తిగారు చెప్పారు. ఆయన అబద్ధం ఆడరు.

విచారణ చేశారు. ఆ అమ్మాయికి రైతులతో మాట్లాడే నేర్పు లేదని తేల్చారు. తేల్చి, మళ్ళీ శిక్షణకి పంపారు. ఎవరి దగ్గరికంటే, ఆ సంజయ్ దగ్గరికే. మొదటిరోజు ఏం చూపించి ఉంటారో అడగొద్దు.

అదీ సంగతి. మీ మావయ్య చెప్పడు, ఆ కోటువాడు ఎలాగూ చెప్పడు, నూకమ్మని అడిగేవాళ్ళు లేరు. ఇంత దూరంలో ఉన్న నా మాట అక్కడెవరు వింటారు? మీకు చెప్పాను. మీరు చెప్పండి. క్లాసులో చెప్పండి, మీ మిస్సుకి చెప్పండి, రేపు మీ పిల్లలకి చెప్పండి. తెలుగు రాని వాళ్ళకి హిందీలోనో మరాఠీలోనో చెప్పండి. మావయ్య పరువు పోతుందని మాత్రం కథని ఎక్కడా కొయ్యకండి. ఉమ్మిన సంగతి దగ్గర మరీ.