రెండు మెడ ముక్కలు

ఏంది అంజన్, నవ్వుతున్నవ్? పేలికలు గూడ మూటగట్టి ఇస్తున్ననా? తీస్కపో, నీ గుడ్డ నీదే. ఈ కిషన్‌బాగ్ల గిట్ల ఇచ్చే దర్జీ ఓదెలు ఒక్కడే అంటరు, మస్తు ఈమాన్‌దారట, నీతిగల్లోడట. థూ! నా ఈమాన్ సంగతి సిరాజుద్దీన్ భాయ్‌ని అడగాలె. గాయన సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె, గిప్పుడు ఎవల్ని అడుగుతవ్? కూసో, నేనే చెప్త.

వెల్డింగ్ పని చేస్తుండె, మంచి బలమైన మనిషి. గాయన బామ్మర్ది జెద్దాకెల్లి ఒక గుడ్డ తెచ్చిండు, నీలం మీద పచ్చగీతలు. గసొంటిది షహర్ల యాడ దొర్కదు. అంగికి రెండున్నర మీటర్లు సాలు. నేను "భాయ్, మీరు జర లావు, ఐదు గావాలె" అన్న. మా నాయిన గట్లనే అంటుండె, మా తాత గూడ గట్లనే అన్నడట, ఖాన్‌దానీ ఇద్దె మరి. మిగిలినదాంతోని ఇంకో అంగి కుట్టి దుకాణంల తగిలేసిన. ఎవడో తొవ్వన పోయెటోడు కొనుక్కపోయిండు. వాని మొఖం గూడ యాదికి లేదు.

నెల దాటలే, మలక్‌పేటల ఒక గోదాం చౌకీదారు తలకాయ పలగ్గొట్టి సంపిండ్రు. నేను గుండీలు కొననీకె అటే పోయిన, నా నసీబు. ఉరుకుతున్నోని ఈపు చూసిన. అంగి చూసిన. పోలీసోల్లు అడిగితె, పెద్ద తీస్‌మార్‌ఖాన్ లెక్క "గా అంగి నేనే కుట్టిన సార్, సిరాజుద్దీన్‌ది" అన్న. కోర్టుల గాయన వకీలు సూటిగ అడిగిండు, "గసొంటి అంగి ఇంకోటి కుట్టినవా?" అని. ఎనుక బెంచీల మీద నా గిరాకీలే నిండుగ కూసున్నరు. కుట్టిన అంటె గుడ్డ దొంగ అంటరు. "లేదు సార్" అన్న. గాయనకు ఉమర్‌ఖైద్ పడ్డది బిడ్డా, సచ్చేదాంక జైలే. నా ఇజ్జత్ నిలవడ్డది.

రెండేండ్లకు గాయన ఇంటామె సాజిదమ్మ పిల్ల బడి బట్టలు కుట్టిచ్చుకోనీకె వచ్చింది. "భయ్యా, నువ్వు చూసింది నువ్వు చెప్పినవ్. నీ మీద నాకు గుస్సా లేదు" అన్నది. గా దినమే ఇంట్ల నా పెండ్లాం ఆగమ్మకు ఉన్నదున్నట్టు చెప్పిన. నెత్తి కొట్టుకున్నది. "దర్జీ గుడ్డ మిగుల్చుకుంటడని చంటిపోరగాండ్లకు గూడ ఎరుకే గదయ్యా! అందరికి ఎరుకైనదాన్ని దాసెటందుకు మనిషిని జైలుకు పంపినవా?" అన్నది. నాకు గా ముచ్చటే తట్టలే, సూడు నా తెలివి.

పొయ్యి సాజిదమ్మ కాళ్ల మీద పడ్డ. ఆమె అరువలే, తిట్టలే. "లే, వకీల్ సాబ్ కాడికి నడు" అన్నది. హైకోర్టుల గాయన అప్పీల్ నడుస్తుండె. సాక్షి మాట మార్చిండు, మళ్ల విచారణ చెయ్యుండ్రి అని వకీలు అర్జీ పెట్టిండు. సర్కారు వకీలు నన్ను పట్టుకున్నడు, "అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఎవడు పైసలు తినిపిచ్చిండు నీకు?" అని. నిజమే, నా మాటకేం ఇలువున్నది? గప్పుడు ఆగమ్మ ఇంట్లకెల్లి బొంత మోసుకొచ్చింది. గిరాకీల ముక్కలన్ని దాంట్లనే కుట్టింది గద! కోర్టు వరండల మొహల్లోల్లు సుట్టు జేరి, "అరే, గిది నా పైజామా!" "గిది మా యాస్మీన్ గౌను!" ఒకటే లొల్లి. నేను తల యాడ పెట్టుకోవాలె? దాంట్ల జెద్దా గుడ్డవి మెడ ముక్కలు రెండున్నయ్. అంగికి మెడ కాడ గుండ్రంగ కోస్తె ముక్క ఒక్కటే ఎల్తది. రెండున్నయంటె కుట్టినవి రెండంగీలు. జడ్జి సాబ్ బొంతను చూసిండు, నన్ను చూసిండు, మంచిగ దులిపిండు. దులిపి, మళ్ల విచారణకు ఆర్డర్ ఇచ్చిండు.

మళ్ల విచారణ అంటె రేపే అయితదా? వాయిదా మీద వాయిదా. తప్పు లేదని ఇడిచేటాలకు గాయనకు లోపల్నే ఏడేండ్లు గడిచినయ్.

ఇడిచినంక ఒకనాడు దుకాణం ముంగట నిలవడ్డడు. కొడ్తడనుకున్న. కొడితె బాగుండు. "ఓదెలూ, తమ్ముని పెండ్లి ఉన్నది, షేర్వానీ కుట్టు" అన్నడు గంతె. ఛాతీ కొలిచిన. నలభై రెండుండేటిది, ముప్పై ఐదు వచ్చింది. టేపు జారిందేమో అని మళ్ల కొలిచిన. గదే.

"ఏంది, మునుపటి లెక్కనే ఉన్ననా?" అని అడిగిండు.

"గట్లనే ఉన్నవ్ భాయ్" అన్న. గాయన చూస్తుంటె కొలతల పుస్తకంల నలభై రెండే రాసిన. కుట్టింది ముప్పై ఐదుకు.

...ఏయ్, గా ఫ్యాను జర బంద్ చెయ్. గుడ్డలు ఎగుర్తున్నయ్.