గౌరవ్వ రాగం

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు, పొద్దుటి పూట. గౌరవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. డీజే పాటలు రాసే బాలరాజు వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"లే పెద్దవ్వా, ఆల్శం జెయ్యకు. అమ్మను బయట పండవెట్టినం. చుట్టాలు కామారెడ్డి దాటిన్రట."

"అయితే నేనేం జెయ్యాలె?"

"నువ్వచ్చి రాగం తీసి ఏడువాలె. ఆడోళ్లందరు నోర్లు మూసుకొని కూసున్నరు. ఊర్ల ఎవ్వలు సచ్చినా నువ్వే గదా మొదలువెట్టేది."

"నీ పాట పెట్టుకోరాదు? పెద్ద పెద్ద బాక్సులున్నయి గదా నీకు."

"గదేం మాట?"

"లండన్ల మనోళ్ల బతుకమ్మకు గుడ గదే ఏసిన్రట. పేపర్ల నీ ఫొటో వడ్డదట. లండన్ల ఆడిన పాటకు మీ అమ్మ ముందట నలుగురు ఆడరా?"

"పెద్దవ్వా, పీనుగ ఇంట్ల..."

"మా ఇంట్ల గుడ పీనుగే ఉండె గదరా! నా మొగడు ముత్తయ్య పీనుగ. 'నన్నిడిసి యాడికి వోతివిరో' అని నేను నేల కొట్టుకుంటుంటే, నువ్వు దండ ఏసి, పక్కన కూసొని ఫోను వట్టుకున్నవ్. దుబాయిల ఉన్న నా కొడుక్కు సూపెడుతున్నవనుకున్న. నువ్వేమో నా ఏడ్పును డీజే పాట జేస్తివి."

"మాటలు మార్చిన పెద్దవ్వా..."

"అవ్, మార్చినవ్. నా మొగని తీసేసి పిల్లను పెట్టినవ్."

"నీ పేరు ఏస్తనంటి గదా."

"నా సాయిలత పెండ్లి బరాత్‌ల గదే ఏసిన్రు. నా ఏడ్పుకు నా మనుమరాలి మొగడు తువ్వాల తిప్పుకుంట ఎగిరిండు. నన్ను గుడ గుంజిన్రు, ఆడు అవ్వా, ఆడు అని."

"...ఆడినవా?"

"ఆడిన. పెండ్లిల ఏడుస్తరా?"

"తప్పైంది. నీ కాళ్లు మొక్కుత. అమ్మేం జేసింది నీకు? సిన్నప్పటిసంది దోస్తులే గదా మీరు. ఏడ్పు లేకుంట సాగనంపితే ఊరేమంటది?"

"ఏమంటది? ఊరి ఏడ్పులు అమ్ముకున్నోని తల్లికి ఏడ్పు కరువైందంటది."

"సల్లవడ్డదా నీ కడుపు?"

"పడ్డది. శానా సల్లగ పడ్డది."

"కసి తీరింది గదా? లే మరి!"

"నా కసికేంది, నువ్వు చెప్పులిడిసి నిలవడంగనే తీరింది. మీ అమ్మ కోసమైతే ఎప్పుడో ఉరికొద్దును."

"మరి?"

"పోయిన మంగళారం పిలిపిచ్చుకున్నది. ఊపిరి అందుతలేదు, అయినా చెయ్యి ఇడువలే, ఒట్టేపిచ్చుకున్నది. 'గౌరా, నేను వోతే నువ్వు నోరు తెరవకు, ఎవ్వల తెరవనియ్యకు. నా కొడుకు పాట జేస్తడు' అన్నది."