ఎత్తని చేతులు

అసున్సియోన్ బస్టాండులో అక్క ఉండే ఎన్‌కర్నాసియోన్‌కి వెళ్లే బస్సు బయలుదేరబోతోంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఫుట్‌బాల్ ఆటగాడిగా ఊరూరా జట్లు మారి, చివరికి కోచ్ అయి, నిన్న ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్న భర్త కింద నిలబడ్డాడు.

“జట్టు గెలిచినా కోచ్‌ని తీసేస్తారా ఎక్కడైనా?”

“గెలుపు గోల్ పడ్డప్పుడు నేను చేతులెత్తలేదట. అవతలివాళ్లకి అమ్ముడుపోయానన్నారు.”

“ఎత్తితే నీ సొమ్మేం పోయేది?”

“అవతలిది నా పాత జట్టే. ఒకప్పుడు అన్నం పెట్టినవాళ్ల మీద గోల్ పడితే గెంతకూడదు. అది మర్యాద.”

“ఈ దేశంలో నీ పాత జట్టు కానిదేదైనా మిగిలిందా? నువ్వు గెంతగా చూసి ఎన్నేళ్లయిందో!”

“దూరంగా, చాకో మెట్ట ప్రాంతంలో ఒక జట్టు పిలుస్తోంది. ఈ ఒక్కసారి రా.”

“మొన్ననే కర్టెన్లు కుట్టాను. ప్రతి ఊళ్లోనూ కుట్టాను. ఒక ఇంటివి ఇంకో ఇంటి కిటికీకి ఏనాడైనా సరిపోయాయా? ఇక నా వల్ల కాదు. అక్క దగ్గరే ఉంటాను.”

“కోపం తగ్గాక వస్తావుగా?”

“కోపమైతే తగ్గేదే. ఇది విసుగు. ఇదిగో, ఈ చిపా రొట్టె తిను. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్నావు.”

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

“ఇప్పుడైనా ఒక చెయ్యి ఎత్తవయ్యా, కోచ్ గారూ!”

అతను ఎత్తలేదు. పాత జట్టు మీద గోల్ పడ్డప్పటిలాగే రెండు చేతులూ దించుకుని, తలవంచి, మర్యాదగా నిలబడ్డాడు.