చక్రం తిరగనివ్వని కారు

2009 జూలై, అనకాపల్లి. కాంట్రాక్టరు కృపానిధి ఇంటి వరండాలో ముగ్గురు: కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన తల్లి అంతోనమ్మ, ఆయన కొడుకు రోనాల్డ్, కారు తాళం అప్పజెప్పడానికి వచ్చిన డ్రైవరు త్రినాధరావు.

"తాళం బల్లమీద పెట్టేసి వెళ్లమను మామ్మా. ఇతన్ని కూకోబెట్టి కబుర్లేటి ఇంకా?"

"నిలబడి ఉన్నాడు, కూర్చోలేదు. చూసింది చూసినట్టు చెప్పడం నేర్చుకో. త్రినాధరావూ, ఆ కుర్చీ లాక్కో."

"పర్లేదమ్మగారూ. ఎల్లిపోతాను."

"వెళుదువుగానిలే. ముందు నాకొక సందేహం తీరాలి. రోనాల్డ్, నీది ఇంజనీరింగు మూడో సంవత్సరం కదూ?"

"ఫైనలియర్."

"మరీ మంచిది. పోయిన సోమవారం దేవరాపల్లి నుంచి వస్తూ చెరకుతోట పక్కన బురదలో దిగబడిపోయాం, నేనూ ఇతనూ. ఇతను ఎక్సలేటరు తొక్కినకొద్దీ ఇంజను మూలుగుతుందే గాని చక్రం కదలదు. గంటన్నర కూర్చున్నాను లోపల. ఎందుకంటావు?"

"ట్రాక్షన్ కంట్రోలు మామ్మా. చక్రం జారుతోందని కంప్యూటరుకి తెలిసిపోతాది. వెంటనే ఇంజన్ పవరు కోసేస్తాది, జారే చక్రానికి బ్రేకేస్తాది. వానలో, రోడ్డుమీద అది మంచిదే. బురదలోనే కొంప ముంచుతాది."

"మరి బురదలో పడ్డవాళ్లేం చెయ్యాలి? లోపల కూర్చుని ప్రార్థన చేసుకోవాలా?"

"దాన్ని ఆపేసుకోవాలి! గేరు పక్కన బటనుంది కదా, కారు బొమ్మ, దాని కింద పాముల్లాగ రెండు గీతలు. అది నొక్కాలి."

"ఒకసారి నొక్కితే సరిపోతుందా?"

"ఒకసారి నొక్కితే సగమే ఆగుతాది. ఐదు సెకన్లు అదిమి పట్టుకుంటే మొత్తం పోతాది. అప్పుడు నీ ఇష్టం, ఎంతైనా తిప్పుకో. ఇంతకీ ఇతగాడేం చేసేడు?"

"ఏం చేశావు త్రినాధరావూ? చెప్పు, ఇంజనీరుగారు అడుగుతున్నారు."

"ఏటి సేత్తానమ్మా. నడుసుకుంటా ఎల్లి ఒక రైతుని బతిమాలేను. ఆయన ఎడ్లజత తోలుకొచ్చేడు. తాడు కట్టి లాగించేం."

"ఎడ్లా? ఓరి నాయనో! కంప్యూటరున్న కారుని ఎడ్లతో లాగించేవా? మా ఫ్రెండ్సుకి చెప్తే దొర్లి దొర్లి నవ్వుతారు. డేష్‌బోర్డులో పుస్తకం ఉంది కదయ్యా, చదువుకోవచ్చు కదా!"

"ఇంగ్లీసు పుస్తకం బాబూ. కవరే ఇప్పనేదు."

"చూసేవా మామ్మా? ఇలాంటోడి చేతిలో నాన్న కొత్త కారు పెట్టేడు. ఒట్టి మొద్దు. ఆ బటనేటో కూడా తెలీదు!"

"తెలీదంటావా?"

"తెలిస్తే ఎడ్లని ఎందుకు తెస్తాడు?"

"సరిగ్గా చెప్పావు. ఆ మాటమీదే నిలబడు. ఇక రెండో ప్రశ్న. మొన్న శనివారం మధ్యాహ్నం, చర్చి ముందు కొత్తగా వేసిన సిమెంటు నేలమీద, ఇదే కారు నిలబెట్టి ఎవరో చక్రాలు తిప్పారు. రెండు నల్లటి చారలు, కాలిన రబ్బరు కంపు. బిషప్పుగారు వచ్చి ప్రారంభించవలసిన నేల! వాచ్‌మన్ భోజనం చేసి వచ్చేసరికి కారు గేటు దాటిపోతోంది. నల్లటి అద్దాల్లోంచి మనిషి కనబడలేదు. డ్రైవరే చేశాడని మీ నాన్న చర్చి కమిటీకి చెప్పాడు, ఇతన్ని పనిలోంచి తీసేశానని నాకు చెప్పాడు. వచ్చే ఆదివారం కమిటీ పోలీసులకి ఫిర్యాదు కాగితం ఇస్తుందట. ఇంతవరకూ సరేనా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"అవును. సరే."

"చక్రం జారితే కంప్యూటరు ఊరుకోదన్నావు. మరి రబ్బరు కాలేదాకా ఎలా తిరిగింది?"

"అంటే, ఒక్కోసారి..."

"ఒక్కోసారి కంప్యూటరుకి కునుకు పడుతుందా?"

"అబ్బ! బటన్ నొక్కుంటాడు మామ్మా."

"ఎవరు? మొద్దు, బటనేమిటో కూడా తెలీదన్నావే, ఆ మనిషేనా?"

"అది సోమవారం మాట. శనివారానికి నేర్చుకున్నాడేమో."

"ఎవరి దగ్గర? నువ్వు నేర్పావా?"

"నేనెందుకు నేర్పుతాను?"

"పుస్తకం కవరు ఇప్పటికీ విప్పలేదు, పొద్దున్న నేనే చూశాను. షోరూములో కారు తీసుకున్నప్పుడు ఈ బటన్లన్నీ ఎవరికి చూపించారు?"

"నాకూ, నాన్నకీ."

"త్రినాధరావుకి?"

"ఇతను అక్కడ లేడు. పాత కారు ఇంటికి తోలుకొచ్చేసేడు."

"చూశావా, అన్నీ నీ నోటితోనే వచ్చాయి. త్రినాధరావూ, నువ్వైనా మాట్లాడవేమయ్యా? నీ పీకమీదకొస్తుంటే గోడకేసి చూస్తావేం?"

"నేను సెయ్యనేదమ్మగారూ. అంతే సెప్పగల్ను."

"ఎవరు చేశారో తెలుసా?"

"నేను సెయ్యనేదమ్మా."

"అడిగిన దానికి జవాబు అది కాదు. సరే, నీ ఇష్టం. రోనాల్డ్, ఇటు చూడు. నేలకేసి కాదు, ఇటు. మా కాలంలో తుంటరి పిల్లలు సైకిలుకి బ్రేకేసి మట్టిలో గీతలు గీసేవాళ్లు. పట్టుబడితే ఒప్పుకుని చెంపలు వేసుకునేవాళ్లు. నువ్వు వాళ్లకంటే ఎంతో చదివావు, వాళ్లపాటి సిగ్గు మాత్రం అబ్బలేదు. కారు చక్రాలు తిప్పడానికి ధైర్యం సరిపోయింది, నేనే తిప్పానని చెప్పడానికి చాలలేదు. ఇద్దరు ఆడపిల్లలున్న మనిషిని పోలీసుస్టేషనుకి పంపించి, ఆ వీడియో చూసుకుని మురిసిపోతున్నావా?"

"వీడియో సంగతి నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదు. పొగ లేపినవాడు దాన్ని సెల్‌ఫోనులో పెట్టుకోకుండా ఉంటాడా?"

"నేను వీడియో తీసేను మామ్మా. వీడియోయే తీసేను, ఒట్టు!"

"తీస్తే? కారులోంచి నీ చక్రం పొగ నీకెలా కనబడింది?"

"లోపల్నుంచి కాదు. చర్చి మెట్లమీద నిలబడి తీసేను."

"మెట్లమీదా? కారు తిరుగుతుంటే నువ్వు మెట్లమీద ఉన్నావా?"

"మామ్మా, ఇంక వదిలెయ్."

"ఫోను ఇలా ఇవ్వు."

"అందులో లేదు. డిలీట్ చేసేసేను."

"ఎవరు చెయ్యమన్నారు?"

"మామ్మా..."

"నిన్ను మామ్మా అనమని అడగలేదు. ఎవరు చెయ్యమన్నారు?"

"నాన్న."

"అంటే తరవాత మీ నాన్నకి తెలిసిందా, లేక మొదట్నుంచీ అక్కడే ఉన్నాడా? ఆ రెండూ ఒకటి కావు. ఆలోచించి చెప్పు."

"నాన్నే తోలేడు. 'బండి పవరేటో చూద్దుగాని, మెట్లెక్కి తియ్‌రా' అన్నాడు. హేండుబ్రేకేసి, బటన్ తనే అదిమి పట్టుకున్నాడు. చారలు పడతాయని తెలీదంట. దిగి చూసేసరికి చెమటలు పట్టేసేయి. కమిటీ సెక్రటరీని కదా, ఎలాగరా అన్నాడు."

"కృపానిధా?"

"ఊఁ."

"యాభై రెండేళ్లు. మనవలెత్తే వయసు. రబ్బరు సిమెంటుమీద రాస్తే మరక పడుతుందని తెలియని కాంట్రాక్టరు! వాడికి లెక్కలూ సైన్సూ నేనే చెప్పాను."

"నేను చెప్పేనని నాన్నకి చెప్పకు మామ్మా."

"నోరు ముయ్యి. త్రినాధరావూ, విను. సాయంత్రం కమిటీ దగ్గరికి నేనే వెళ్లి చెబుతాను. కాగితం నీమీదికి రాదు. తాళం నీ దగ్గరే ఉంచుకో, రేపు మామూలుగా పనిలోకి వచ్చెయ్యి."

"తాళం వొద్దమ్మగారూ."

"కోపం న్యాయమే. కాని నా కొడుకు పిరికివాడయ్యా, దుర్మార్గుడు కాడు. పదిమందీ అడిగేసరికి కంగారులో నీ పేరు నోటికొచ్చేసి ఉంటుంది. ఆ తరవాత వెనక్కి తీసుకోలేక నిన్ను తీసేశాడు."

"కంగారేం నేదమ్మా. నిన్న అయ్యగారు మా ఇంటికొచ్చేరు. మా మంచంమీద కూకుని టీ తాగేరు. తప్పు నీదేనని ఒప్పుకో, కాగితం నేను ఆపించేత్తాను, పని ఎప్పట్లాగే ఉంటాది అన్నారు. నన్నెవులూ తియ్యనేదమ్మగారూ. నేనే మానేసేను."