కాఫీ తర్వాత నీళ్లు

యలహంకలో పళ్ల డాక్టరమ్మ గది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నది ఎదురు హోటల్లో కాఫీ కలిపే ఆయన.

“ఈ మరకలన్నీ కాఫీవే అన్నా. ఈరోజు తీసేస్తాను. మళ్లీ పట్టకూడదంటే కాఫీ తాగిన వెంటనే నీళ్లు పుక్కిలించాలి.”

“నీళ్లు కాఫీకి ముందర తాగాల మేడం. తర్వాత తాగితే రుచి యాడుంటాది? మధ్యాన్నం దాకా నాలిక మీద ఉండాల.”

“పళ్లు తెల్లగా ఉంటాయి కదా.”

“నా కాఫీ తాగి ఎవురన్నా నోరు కడిగినారంటే, అది బాగలేదనే లెక్క.”

“అదేంటన్నా, నేను రోజూ మీ కాఫీ తాగి, అక్కడే కుళాయి దగ్గర పుక్కిలిస్తాను.”

“చూస్తానే ఉండాను మేడం. మీ వల్లనే రెండేండ్లలో మూడు తూర్లు పొడి మార్చినా.”