గోలు గీత మీద చీమలు

పర్చూరు బస్టాండు ఎదురుగా అలీ సాహెబ్ టీ కొట్టులో సీతారామాంజనేయులు కోతలకు వేళాపాళా లేదు గానీ, వినేవాళ్లకు మాత్రం ఎప్పుడూ లోటు లేదు. ఊరంతా అంజి అని పిలిచే ఆ పెద్దమనిషి బెంచీ ఎక్కి కాలు మీద కాలేసుకుని నోరు విప్పాడంటే, పొయ్యి మీద పాలు పొంగినా ఎవరికీ పట్టేది కాదు. పాలు పొంగితే నష్టం తనకే కాబట్టి అలీ సాహెబ్ మాత్రం ఒక చెవి కథకిచ్చి, ఒక కన్ను గిన్నెకిచ్చి, ఏడేళ్లుగా నెట్టుకొస్తున్నాడు.

రెండువేల ఆరు వేసవి. మిరపకాయలు కల్లాలు దాటి గుంటూరు చేరిపోయి, జనం చేతిలో పనిలేని రోజులు. ఆ పొద్దున అంజి ఇంకా రాకముందే ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన బస్సు దిగి ఒక మనిషి కొట్టులోకి వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. టీ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు, అయినా వణికి, టీ అంచు దాటి వేళ్ల మీద పడింది. కాలిందన్న బాధ మొహంలో లేదు. అలవాటైపోయినట్టుంది.

"నా పేరు నాగేంద్రబాబండీ. తొంభై తొమ్మిదిలో మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడిన ప్రత్తిపాడు గోల్‌కీపర్ని."

అలీ సాహెబ్ చేతిలో వడగట్టే గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆ ఆటను మర్చిపోయినవాడు రెండు ఊళ్లలోనూ లేడు. ఈ మనిషి గోలు ముందు నురగ కక్కుకుని పడిపోతే, మీరే ఏదో చేశారని వాళ్లూ, ఓడిపోతామని దొంగనాటకం ఆడుతున్నారని వీళ్లూ, మూలలకు పాతిన జెండా కర్రలు పీకి తలలు పగలగొట్టుకున్నారు. అప్పట్నుంచి ఆట లేదు, మాట లేదు. ఒకే పెళ్లికి వెళ్లినా వేరువేరు పంక్తుల్లో కూర్చునేవాళ్లు.

"ఆసుపత్రిలో డాక్టరు పురుగుమందు విషమన్నాడండీ" అన్నాడు నాగేంద్రబాబు, గొంతు తగ్గించి. "దానికి ముందు పంటలో పత్తి మొత్తం పచ్చపురుగు తినేసింది గదా. మా వీధిలోనే ముగ్గురు మందు తాగి పోయారు. నేనూ తాగే ఆటకు దిగానన్నారు. తాగలేదని ఒట్టేసినా మా అమ్మ నమ్మలేదు. పురుగుమందులున్న గది తాళంచెవి ఇప్పటికీ కొంగున ముడేసుకునే పడుకుంటుంది. నేను గట్టిగా దగ్గితే చాలు, లేచొచ్చి నా నోరు వాసన చూస్తుంది."

అలీ సాహెబ్ గుడ్డ పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లకు ఎందుకొచ్చావు నాయనా?"

"ఆ రోజు సంగతి ఇక్కడ ఒకాయన రోజూ చెప్తాడని విన్నా. ఆ మందు నా ఒంట్లోకి ఎట్టా వచ్చిందో ఎవరన్నా చెప్తే, మా అమ్మకు వెళ్లి చెప్పాలి. నేనెవరో ఆయనకు చెప్పమాకండి."

గ్లాసు తీసుకుని గోడవారగా స్టూలు మీద కూర్చున్నాడు.

కాసేపటికి అంజి వచ్చాడు. వెనకే ముసలి ఆదెయ్య, అంజికి అన్న కొడుకు వరసయ్యే శివనాగరాజు. కూర్చోగానే శివనాగరాజు ఎగదోశాడు. "బాబాయ్, ఆ ప్రత్తిపాడు ఆట ఇంకోసారి చెప్పు."

"ఈవాళ వద్దులే, ఎండగా ఉంది" అన్నాడు అలీ సాహెబ్.

"ఎండకీ కథకీ ఏం సంబంధం సాహెబూ? చెప్పడానికి మాత్రం ఏముందిలే, నేను చేసింది పెద్ద పనేం కాదు, బంతిని ఎడం కాలి బొటనవేలితో ఇట్టా ముట్టుకున్నా, అంతే. అసలా రోజు నేను ఆడాల్సింది కూడా కాదు, ఒళ్లు కాలిపోతోంది జ్వరంతో, ఇంటిదేమో గడప దాటొద్దని అడ్డం పడుకుంది, దాన్ని దాటుకుని వెళ్లా. దాటడమే ఆ రోజు మొదటి గోలనుకో. కల్లంలో ఆట. మిరపకాయలు అప్పుడే ఎత్తేశారు, నేలంతా ఘాటు, ఎవడు పరిగెత్తినా తుమ్ములే. ప్రత్తిపాడు వాళ్లు వచ్చారు, వచ్చీరాగానే నన్ను చూసి గుసగుస, వీణ్ణి పడగొడితే ఆట మనదేనని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"ఒకడు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. నా డొక్కకేం కాలా, వాడి మోచెయ్యి విరిగింది. ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు, చొక్కా వాడి చేతిలో ఉంది, నేను గోలు దగ్గరున్నా. మూడోవాడు మొహాన ఉమ్మాడు. అప్పటిదాకా మర్యాదగానే ఉన్నా, అది మాత్రం నాకు నచ్చలా. ఒక్క చూపు చూశా. నలుగురు కూర్చున్నారు, లేవలా."

"రిఫరీ ఊరుకున్నాడా?"

"ఊరుకోడే, ఊదబోయాడు. నా చూపుకి ఈల మింగేశాడు పాపం. ఆ తర్వాత నెల రోజులు ఆయన గురక పెట్టినప్పుడల్లా దొడ్లో గేదెలు నిలబడిపోయేవంట, ఆట ఆపమన్నారేమోనని."

ఆదెయ్య పొలమారి టీ చొక్కా మీద పోసుకున్నాడు. అలీ సాహెబ్ గోడవైపు చూశాడు. నాగేంద్రబాబు నవ్వలేదు, కదల్లేదు.

"అప్పుడు తన్నా. వల చీల్చుకుని పోయింది బంతి. ఎక్కడ పడిందనుకున్నావు? చీరాలలో. మగ్గం గుంటలో. ఆ అదురుకి మగ్గం దానంతటదే ఆడి, నేతగాడు భోంచేసి వచ్చేసరికి అంచుతో సహా చీర తయారు. ఆ చీర మీ పిన్ని కట్టుకుంది, అడుగు కావాలంటే. ఇక వేరే బంతి తెచ్చారు, పెనాల్టీ ఇచ్చారు, ఎవరు కొట్టాలి? నేనే. వాళ్ల గోల్‌కీపరు ఎదురుగా నిలబడ్డాడు. కుర్రాడు మంచోడేలే, కాళ్లు వణుకుతున్నాయి వాడికి. నేను అబద్ధమాడను, బంతి వాడికి తగల్లా. నా కాలు ఊపిన గాలికే కళ్లు తేలేసి పడిపోయాడు."

గోడవారన గ్లాసు టకటకమని స్టూలుకి కొట్టుకుంది.

"గాలికి మనిషి పడతాడంట్రా" అన్నాడు ఆదెయ్య. "కొయ్యి, కొయ్యి. అడ్డెవడు?"

ఆ మాట అంజికి తగిలింది. అతని కథను కాదన్నప్పుడల్లా ఇంకో మెట్టు ఎక్కడం అతని అలవాటు. "మనిషేమిటి మామా, తెల్లారి వెళ్లి చూసినోణ్ణి చెప్తున్నా. గోలు గీత పొడుగునా చీమలు చచ్చి పడున్నాయి, నల్లతాడు పరిచినట్టు. ఆ గీత మీద పొడుచుకు తిన్న కోడిపెట్ట రెండడుగులేసి మెడ వాల్చేసింది. అదిరా నా కాలి వేడి అంటే. ఆ తర్వాత..."

అంజి ఒక్క క్షణం ఆగాడు.

అలీ సాహెబ్ చెవి అక్కడే పట్టుకుంది. ఏడేళ్లలో ఈ కథలోకి చీరాల వచ్చింది, మగ్గం వచ్చింది, గేదెలు వచ్చాయి. చీమలు మాత్రం ఎన్నడూ రాలేదు. పైగా మిగతాదంతా నవ్వుతూ చెప్పినవాడు ఆ రెండు ముక్కలూ నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు అంజి, ఎవరినీ చూడకుండా.

"తెలుసు" అన్నాడు నాగేంద్రబాబు.

లేచి వచ్చి అంజి ముందు నిలబడ్డాడు. "ఆ తర్వాత నన్ను ట్రాక్టరు తొట్లో పడుకోబెట్టి గుంటూరు తీసుకుపోయారు. నేనే ఆ గోల్‌కీపర్నండీ."

శివనాగరాజు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"పెనాల్టీ ఎవరు కొట్టారో నాకు గుర్తులేదు, అప్పటికే ఒక బంతి రెండుగా కనపడుతోంది. కొట్టింది మీరు మాత్రం కాదు. మీరసలు ఆడలేదు. సగం ఆట అయ్యాక చిల్లుల డబ్బా పట్టుకుని వచ్చి, నా గోలు ముందు చెరిగిన గీత మళ్లీ పోశారు. నేను పక్కకు జరిగి దారిచ్చా. గీత చెరపమాకు తమ్ముడూ అన్నారు. ఆ గీత మీదే ఆరేడుసార్లు దూకి పడ్డా. మోచేతులు చెక్కుకుపోయాయి. ఆ చేతుల్తోనే మూతి తుడుచుకున్నా. ఏం పొడి పోశారండీ?"

"సున్నం" అన్నాడు అంజి.

"సున్నం తిన్న కోడికి గుడ్డు పెంకు గట్టిపడుద్దిరా" అన్నాడు ఆదెయ్య మెల్లగా. "చావదు."

అలీ సాహెబ్ పొయ్యి వదిలి ముందుకొచ్చాడు. "అంజీ, జట్టుకోసం కొన్న సున్నం బస్తా నా కొట్టు వెనకే ఉండిపోయింది. కుట్టు కూడా విప్పలేదు. ఇదేమిటని అడిగితే, ఇంకో బస్తాతో సర్దేశా, నువ్వు వాడుకో అన్నావు. నేనూ సంబరపడి ఈ గోడలకు వేసుకున్నా."

అందరూ గోడల వంక చూశారు. ఏడేళ్ల పొగకు నల్లబడిన గోడలు.

అంజి కాలు మీది కాలు దించాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. మాట్లాడితే గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"కల్లం పక్కనే మా కొట్టాం. అందులో సున్నం బస్తా కనపడింది, ఇంత దూరం రావడమెందుకని అదే తీశా. పత్తికి చల్లే పొడిమందు సంచి చిరిగిపోతే మా నాన్న ఆ ఖాళీ సున్నం బస్తాలో పోసిపెట్టాడు. నాకు తెలియదు. వాసన రాలేదా అంటావేమో. ఆ యేడు ఊరంతా అదే వాసన తమ్ముడూ. నేను తినే కంచం కూడా అదే వాసన. తెల్లారి చీమల్ని చూశాక తెలిసింది."

"తెలిశాక?"

"చెప్దామనే ఇక్కడికొచ్చా. ఇదే బెంచీ. అప్పటికే మనోళ్లలో ఇద్దరికి తలలకు కుట్లు పడున్నాయి. ఆ గోల్‌కీపరు ఎందుకు పడ్డాడురా అని ఎవరో అడిగారు. నోరు తెరిచా. నా దెబ్బకి అని వచ్చింది. అందరూ నవ్వారు. నవ్వుతుంటే ఇక ఆ గీత సంగతి ఎవరూ అడగలా. మర్నాడు ఇంకొంచెం కలిపా."

శివనాగరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "బాబాయ్, అన్నిట్లోకీ ఇదే పెద్ద కోత" అని నవ్వాడు. ఆదెయ్య అతని చెయ్యి పట్టుకుని నొక్కితే ఆగాడు.

"చూశారా" అన్నాడు నాగేంద్రబాబు. "నేను నమ్మాను. మా అమ్మ నమ్మాలిగా. మీ పేరు మా ఊళ్లో కూడా తెలుసండీ. మీరొచ్చి గడపలో నిలబడి చెప్పినా, ఏదో కథనుకుంటుంది. నిజం తెలిసినవాడు మీరొక్కరే, మీ మాట మాత్రం ఎవరూ నమ్మరు."

అంజి తల ఎత్తలేదు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడు వాసన కొట్టంతా కమ్మింది. అలీ సాహెబ్ అటు తిరగలేదు. కాసేపయ్యాక పొయ్యి ఆర్పి, మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. అంతకుముందు పట్టపగలు ఆ కొట్టు మూసింది వాళ్ల నాన్న పోయిన రోజు ఒక్కటే.

"బస్తా సంగతి నేను చెప్తా నాయనా" అన్నాడు. "కోతలు కోసే అలవాటు నాకు లేదు. ఆ తల్లి నమ్మితే నమ్ముద్ది. అంజీ, లే."

గుంటూరు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. కిటికీ బయట కోత అయిపోయిన మిరపచేలు, పీకి కుప్పలేసిన పత్తికంప. పెదనందిపాడు దాటేదాకా అంజి అటే చూస్తూ కూర్చున్నాడు. కండక్టరు తెలిసినవాడే, ఏం అంజిగారూ ఒంట్లో బాలేదా అని అడిగి వెళ్లాడు.

ప్రత్తిపాడు దగ్గరపడుతుండగా అంజి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అమ్మగారికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావు తమ్ముడూ?"

నాగేంద్రబాబు వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"చీమల దగ్గర్నుంచి" అన్నాడు. "అక్కడే ఆపండి."